జపాన్ రైలు కొని, విప్పి, దీపం పెట్టుకోవడం ఎలా

మా నాన్న మీటర్ గేజ్ ఎలక్ట్రిక్ ఇంజన్ల మీద ఫిట్టర్‌గా పనిచేశారు. తాంబరం, విల్లుపురం మధ్య తిరిగిన వైఏఎం-1 ఇంజన్లు 1960ల్లో జపాన్‌లో తయారై మద్రాసుకి వచ్చినవి. "జపాన్‌వాళ్ళు బోల్టు కూడా చెయ్యి అందే చోటే పెడతారమ్మా" అని ఇంట్లో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. 2004లో చెన్నై బీచ్–తాంబరం మధ్య మీటర్ గేజ్ ఆగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లకి నా చేతికి మొదటి జపాన్ బొమ్మ రైలుపెట్టె వచ్చింది, పొడవు పద్నాలుగు సెంటీమీటర్లు. నాన్న దాన్ని అరచేతిలో బోర్లించి, కళ్లజోడు సర్దుకుని అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్క స్క్రూ కూడా లేదే, దీన్ని ఎలా విప్పుతారు?"

ఈ అభిరుచిలో అసలు సంగతి అదే. కొని అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లు ఉన్నారు, తప్పులేదు. నాకు మాత్రం విప్పి, లోపల చెయ్యి పెట్టిన రోజు నుంచే ఆ రైలు నాది అనిపిస్తుంది. అందుకే కొనేటప్పుడే విప్పే పనిని మనసులో పెట్టుకుని కొనమంటాను.

చెన్నై ఫ్లాట్లలో ఉండే మనకి ఎన్ గేజ్ అనే బొమ్మ రైళ్ల కొలత సరైనది. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. జపాన్‌లో మామూలు రైళ్లు ఎక్కువగా 1067 మిల్లీమీటర్ల గేజ్ మీద నడుస్తాయి, షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైళ్లు మాత్రం 1435 మీద. బొమ్మల్లో మామూలు రైళ్లని 150వ వంతుకి, షింకాన్‌సెన్‌ని 160వ వంతుకి తగ్గిస్తారు. రెండూ అదే 9 మిల్లీమీటర్ల పట్టాల మీద నడుస్తాయి. 1067ని 150తో భాగించండి, 7.1 వస్తుంది. అంటే మామూలు రైలుకి పట్టాలు దాదాపు రెండు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ. నాన్న లెక్క వెయ్యకుండానే కంటితో పట్టేశారు, "గేజ్ కాస్త పెద్దగా ఉందే" అని. దీనికి మనం చేసేదేమీ లేదు, అలవాటు పడిపోతాం.

అందరికీ ముందు షింకాన్‌సెన్ మీదకే మనసు పోతుంది. 1964 అక్టోబరు 1న మొదలైన ఆ నీలం, తెలుపు జీరో సిరీస్ ఎవరికి ఇష్టముండదు? కానీ ఒక్కో పెట్టె 15 సెంటీమీటర్ల పైనే. పదహారు పెట్టెలు కలిపితే రెండున్నర మీటర్లు. మా హాలు గోడ పొడవే మూడున్నర మీటర్లు. మొదటి రైలు ఒకటి రెండు పెట్టెలది చాలు. నా సలహా కిహా 40. 1977 నుంచి 1982 దాకా తయారైన డీజిల్ పెట్టె, రెండు చివర్లా డ్రైవర్ గది ఉంటుంది కాబట్టి ఒంటరిగానే నడుస్తుంది. ఒంటినిండా ఒకే ఎర్రటి నారింజ రంగు. చేపగుడ్ల రంగు అని జపాన్‌వాళ్లు దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు. పల్లె స్టేషన్లలో, సముద్రం పక్కన గోనో లైన్ మీద తిరిగిన పెట్టె. 'కి' అంటే డీజిల్, 'హా' అంటే మామూలు తరగతి. ఇలాంటి అక్షరాలు ఇంకో నాలుగు నేర్చుకుంటే డబ్బాల మీద పేర్లు సగం అర్థమవుతాయి. 'మో' అంటే మోటారున్నది, 'కు' అంటే డ్రైవర్ గది ఉన్నది, 'సా' అంటే రెండూ లేనిది, 'రో' అంటే పై తరగతి.

అయితే జాగ్రత్త, ఆ 'మో' అసలు రైలు సంగతి. బొమ్మలో మోటారు ఉందా లేదా అనేది వేరే. డబ్బా మీద ఎం అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే బొమ్మకి మోటారు ఉన్నట్టు, టి ఉంటే లేనట్టు. సెట్లు కూడా రెండు రకాలు, మూల సెట్టు, అదనపు పెట్టెల సెట్టు. అదనపు సెట్టు చవగ్గా కనిపిస్తుంది గానీ సాధారణంగా అందులో మోటారు ఉండదు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడి కొడుకు మొదటిసారి కొన్నది అలాంటి సెట్టే. పాపం, వాడు కరెంటు ఇచ్చి అరగంట పట్టాలు తుడుస్తూ కూర్చున్నాడు.

కంపెనీల్లో ప్రధానమైనవి రెండు. కాటో 1965లోనే సి50 ఆవిరి ఇంజన్‌తో జపాన్‌లో ఎన్ గేజ్ మొదలుపెట్టింది. టోమిక్స్ 1976లో వచ్చింది. రైళ్లు ఎవరివైనా ఎవరి పట్టాల మీదైనా నడుస్తాయి. పట్టాలు మాత్రం ఒకదానికొకటి నేరుగా అతకవు, కాబట్టి ఒక కంపెనీ పట్టాలకే కట్టుబడండి. నావి కాటో పట్టాలు. అడుగున కంకర దిమ్మ అతికి ఉంటుంది, నేల మీద పరిచినా నిలుస్తుంది, తీసి పెట్టెలో వేసుకోవచ్చు.

జపాన్‌లో ఈ బొమ్మలు విడతలుగా తయారవుతాయి. ఒక విడత అయిపోతే మళ్లీ ఎప్పుడో. అందుకే ముందే బుక్ చేసుకుంటారు. విదేశాలకి పంపే హాబీసెర్చ్, అమిఅమి లాంటి దుకాణాల్లో నాలుగైదు వస్తువులు కలిపి తెప్పించుకుంటే పోస్టు ఖర్చు కలిసొస్తుంది. కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకునే దిగండి. పాత సరుకు కొనేటప్పుడు ఫోటోలో పెట్టె అడుగు చూపించమని అడగండి. చక్రాలకి చుట్టిన చిన్న రబ్బరు ఉంగరాలు ఏళ్ల తరబడి పడి ఉంటే పెళుసెక్కి విరిగిపోతాయి, అవి లేకపోతే ఇంజన్ జారుతుంది. రబ్బరు విడిగా దొరుకుతుంది, భయం లేదు.

కరెంటు దగ్గర మాత్రం భయం ఉండాలి. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, మనది 230. రైలు వేగం మార్చే కంట్రోలర్‌తో వచ్చే అడాప్టర్ వెనక ఇన్‌పుట్ దగ్గర 100 నుంచి 240 అని ఉంటే సరే. 100 అని మాత్రమే ఉంటే మన గోడలో పెట్టకండి. నేను పెట్టాను. చిన్న 'టప్' శబ్దం, మైనం కాలినట్టు వాసన, అంతే. 230ని 100కి తగ్గించే మంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, లేదా అడాప్టర్ మీద రాసి ఉన్న అవుట్‌పుట్ వోల్టులు, ఆంపియర్లు, ప్లస్ మైనస్ గుర్తు మూడూ సరిపోయే మన దేశపు అడాప్టర్ చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో వెతుక్కోండి. మూడింట్లో ఒక్కటి తేడా వచ్చినా వద్దు. అక్కడి నుంచి పట్టాలకి చేరేది గరిష్టంగా 12 వోల్టుల డీసీ. ప్లస్ మైనస్ తారుమారైతే రైలు వెనక్కి నడుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీపం దగ్గర మళ్లీ కావాలి.

పట్టాలు పరిచే బల్లకి పాత ఫ్లష్ డోర్ తీసుకోండి. ముప్ఫై అంగుళాల తలుపంటే 762 మిల్లీమీటర్లు. కాటో వంపు పట్టాల్లో 315 మిల్లీమీటర్ల వ్యాసార్థానిది లోపల, 348ది బయట పెడితే రెండు లైన్లు 33 మిల్లీమీటర్ల ఎడంతో ఆ వెడల్పులో చక్కగా ఇముడుతాయి. రాత్రికి తలుపుని గోడకి నిలబెట్టేస్తాను.

ఇక నాన్న ప్రశ్న. ఈ పెట్టెల పైకప్పూ గోడలూ ఒకే ముక్క, అది అడుగు భాగం మీద చిన్న నొక్కులతో బిగుసుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చారంటే రంగు లేచిపోతుంది. పాత విజిటింగ్ కార్డుని పొడుగ్గా నాలుగు ముక్కలు చేసుకోండి. గోడ అడుగు అంచుని గోరుతో కాస్త విప్పి, కిటికీ కింద ఒక ముక్క జార్చండి. ఇలా రెండు పక్కలా రెండేసి. నాలుగూ దిగాక అడుగుని పట్టుకుని మెల్లగా లాగితే 'టక్' మని ఊడి వస్తుంది. రాకపోతే లాగకండి, ఏదో ఒక నొక్కు ఇంకా పట్టి ఉంది. మొదటిసారి ట్రేలో పెట్టుకుని విప్పండి. ఎగిరిపోయిన స్ప్రింగ్ మొజాయిక్ గచ్చు మీద దొరకదు.

మోటారు లేని టి పెట్టెతో మొదలుపెడితే లోపల చోటు ఎక్కువ. హెడ్‌లైట్ వెలిగే పెట్టె అయితే చక్రాల నుంచి కరెంటు తెచ్చే రాగి పట్టీలు ముందే ఉంటాయి. కాటో వాళ్లే దీపాల కిట్ అమ్ముతారు. మొదటి పెట్టెకి అదే పెట్టి, అమరిక ఎలా ఉందో చూడండి. రెండో పెట్టె నుంచి మనమే చేసుకోవచ్చు.

నేను మొదట చేసిన తప్పు చెబుతాను. ఇంటి అలంకరణకి వాడే 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీ ముక్క కోసి పైకప్పుకి అంటించాను. రైలు మామూలు వేగంతో వెళుతుంటే ఒక్క దీపమూ వెలగలేదు. "అత్తా, చీకట్లో వెళ్తున్నారు జనం" అన్నాడు మా తమ్ముడి కొడుకు. కంట్రోలర్ చివరికంటా తిప్పితే వెలిగింది, అప్పటికి రైలు వంపులో పడిపోయేంత వేగం. కారణం తేలిగ్గానే దొరికింది. ఆ పట్టీలో మూడు ఎల్ఈడీలు ఒకదాని వెనక ఒకటి కట్టి ఉంటాయి. ఒక్కోదానికి సుమారు మూడు వోల్టులు, మొత్తం తొమ్మిది దాటితే గానీ వెలగవు. మన రైలు నాలుగైదు వోల్టులకే కదిలిపోతుంది.

కాబట్టి ఎల్ఈడీలని విడివిడిగా కట్టాలి. రిచీ స్ట్రీట్‌లో చిన్న తెల్ల ఎల్ఈడీలు మూడు, ఒక కిలో ఓమ్ రెసిస్టర్లు మూడు, చిన్న బ్రిడ్జ్ రెక్టిఫైయర్ ఒకటి, 220 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి తీసుకోండి. పట్టాల నుంచి వచ్చే రెండు తీగలూ ముందు బ్రిడ్జ్‌లోకి వెళ్లాలి. రైలు వెనక్కి నడిచినప్పుడు ప్లస్ మైనస్ మారినా బ్రిడ్జ్ దాన్ని సరిచేసి పంపుతుంది, అది లేకపోతే దీపం ఒక దిక్కుకే వెలుగుతుంది. బ్రిడ్జ్ తర్వాత కెపాసిటర్, కాళ్లు తారుమారు కాకూడదు. ఆ తర్వాత ఒక్కో ఎల్ఈడీకి ఒక్కో రెసిస్టర్ చొప్పున మూడు జతలు, పక్కపక్కనే. ఇలా కడితే నాలుగున్నర వోల్టుల దగ్గరే దీపం మినుకుమని మొదలవుతుంది. పట్టాల మీద దుమ్ము వల్ల కరెంటు క్షణం తెగినా కెపాసిటర్ ఆదుకుంటుంది. దాన్ని ఎక్కడ దాచాలా అని చాలాసేపు చూశాను. కిహా 40లో ఒక మూల టాయిలెట్ గది ఉంటుంది, సన్నని కెపాసిటర్ అందులో నిలువుగా సరిపోయింది.

రాగి పట్టీకి తీగ అతికేటప్పుడు పట్టీని బయటికి తీసి, టంకం వేసి, చల్లారాక మళ్లీ పెట్టండి. పెట్టెలో ఉండగా సోల్డరింగ్ ఐరన్ తగిలిస్తే నేల కరిగిపోతుంది. పైకప్పు లోపలి వైపు ముందు నల్ల యాక్రిలిక్ రెండు పూతలు, ఆ మీద తెలుపు ఒక పూత వెయ్యండి. లేకపోతే ప్లాస్టిక్ గుండా వెలుగు బయటికి వచ్చి పెట్టె మొత్తం లాంతరులా మెరుస్తుంది. అసలు కిహా 40లో ఉన్నవి ట్యూబ్‌లైట్లు కాబట్టి తెల్లటి వెలుగే సరి, కానీ చవక ఎల్ఈడీ నీలంగా ఉంటుంది. ఎల్ఈడీ నెత్తిన పసుపు హైలైటర్‌తో ఒక చుక్క పెట్టండి. హాల్లో లైటు ఆర్పి నడిపి చూడండి. కిటికీల వెలుగు కంకర మీద గళ్లు గళ్లుగా పరుగెత్తుతుంది. ఆ రాత్రి నాన్న రెండు గంటలు కుర్చీ దిగలేదు.

మన ఊరి తేమ గురించి రెండు ముక్కలు. పాత డబ్బాల్లో ఉండే స్పాంజ్ దిండు ఏళ్లు గడిచేకొద్దీ జిగురై పెట్టె రంగుకి అంటుకుంటుంది. వేలితో నొక్కి చూడండి, బంకగా ఉంటే ఆ రోజే తీసి పారేసి మెత్తటి కాగితం చుట్టండి. డబ్బాలో సిలికా జెల్ వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. పట్టాలని ఐసోప్రోపిల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. కింది అరలో పెట్టకండి. 2015 డిసెంబరు నీళ్లు చూసిన ఊరు ఇది.

చివరి పని పెట్టెకి వయసు తేవడం. కొత్త పెట్టె బొమ్మలా మెరుస్తుంది, అసలు రైలు అలా ఉండదు. స్టేషనరీ కొట్టులో దొరికే సాఫ్ట్ పాస్టెల్ నలుపు, ఎరుపు మట్టి రంగు, ముదురు గోధుమ రంగు కొని బ్లేడుతో పొడి గీకండి. కాటుక బ్రష్ లాంటి మెత్తటి బ్రష్ చాలు. పైకప్పు మీద పొగ బయటికొచ్చే చోట నలుపు, అక్కడి నుంచి పొడుగునా పల్చబడుతూ పోవాలి. నేను మొదట పెట్టె గోడల నిండా గోధుమ రంగు పులిమాను. నాన్న చూసి తల అడ్డంగా ఊపారు. "బ్రేకు పొడి చక్రాల దగ్గర పుడుతుంది. ముందు చక్రాల చట్రం, ఆ తర్వాత మెట్లు, ఆ పైన గోడ అంచు వరకే. కిటికీ దాకా రాదు. గోడలు కడుగుతారు, అడుగు ఎవరూ కడగరు." గోడలు తడిగుడ్డతో తుడిచేసి, ఆయన చెప్పిన వరుసలో మళ్లీ వేశాను. గోనో లైన్ పెట్టె కావాలంటే కిటికీ కింది మూలల్లో, తలుపు అడుగున సూదిమొన అంత తుప్పు చుక్కలు, అంతకు మించి వద్దు.

పొడి నిలవడానికి పైన మ్యాట్ స్ప్రే కొట్టాలి. కిటికీ అద్దాల ముక్కలు ముందే తీసెయ్యండి, లేకపోతే మసకబారతాయి. తెల్లవారుజామున గానీ, వాన పడుతున్నప్పుడు గానీ కొట్టకండి. గాలిలో తేమ పూతలో చిక్కుకుని తెల్లటి పొగమంచులా నిలిచిపోతుంది. ఎండ కాసే రోజు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య, డాబా మీద నీడలో, అడుగు దూరం నుంచి రెండు పల్చటి పూతలు చాలు. ఆ రాత్రంతా పళ్లెం బోర్లించి కింద ఆరనిచ్చి, పొద్దున అద్దాలు పెట్టి, గోడల ముక్కని అడుగు మీద ఉంచి నొక్కండి. నాలుగు మూలలా నాలుగు 'టక్'లు వినిపించాలి. మూడే వినిపిస్తే ఎక్కడో తీగ అడ్డం పడిందన్నమాట, మళ్లీ విప్పి చూడండి.