గోడంత తెరపై అంకెలు మాయమవుతుంటే ఏం చేశానంటే

మా కంట్రోల్ రూమ్ గోడకు ఎనిమిది 4కె ప్యానెళ్లు, వరుసకు నాలుగు చొప్పున. అన్నీ కలిపి 15,360 × 4,320 పిక్సెళ్లు. అంత తెర మీద మౌస్ బాణం వెతుక్కోవడమే పెద్ద టెన్షన్. విండోస్‌లో బాణం సైజు పెంచి, కంట్రోల్ కీ నొక్కితే దాని చుట్టూ వలయాలు కనబడే ఆప్షన్ ఆన్ చేశాను. ఆ బాధ తీరింది.

అసలు చిక్కు అతుకుల దగ్గర. మ్యాపులో గీతలు విరిగినట్టు కనబడకూడదని గ్రాఫిక్స్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో బెజెల్ కరెక్షన్ (ప్యానెల్ అంచు పట్టీల వెనక కూడా బొమ్మ కొనసాగుతున్నట్టు చూపే సెట్టింగ్) పెట్టాం. మ్యాపు చక్కగా కుదిరింది కానీ, ప్యానెల్ అంచు వెనక్కి పోయే భాగం ఇక కనబడదు కదా! పట్టికలో ఒక అంకె అక్కడ పడితే 1,250 కాస్తా 125 అయిపోతుంది. ఇది నిజంగా ప్రమాదం. అందుకే ప్రతి పట్టికనూ ఒకే ప్యానెల్‌లో ఇమిడేలా సర్దాను. మ్యాపులు మాత్రమే అతుకులు దాటతాయి.