ఇరవైల్లోనే గుండె పద్దు తెరవడం ఎలా?

పాల లెక్క క్యాలెండర్ మీద ఉంటుంది, చీటీ వాయిదాలు డైరీలో ఉంటాయి, బండి సర్వీసింగ్ తేదీ స్టిక్కర్ మీద ఉంటుంది. ఒంటి లెక్క మాత్రం ఎక్కడా ఉండదు. ఇరవై ఆరేళ్ల వయసులో, ఉద్యోగంలో చేరేముందు చేసిన పరీక్షల్లో నా బీపీ ఎంత వచ్చిందో నాకు తెలియదు. "అంతా నార్మలే" అన్న మాట ఒక్కటే గుర్తుంది. ఆ కాగితం ఏ ఇల్లు మారినప్పుడో పోయింది. నలభై దాటాక ఒక డాక్టరు బీపీ చూసి, "ఇది ఈమధ్య పెరిగిందా, మొదటి నుంచీ ఇంతేనా?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆయన ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. అమెరికాలో కార్డియా అనే అధ్యయనం ఉంది. 1985–86లో బర్మింగ్‌హామ్, షికాగో, మినియాపొలిస్, ఓక్లాండ్ నగరాల్లో 18 నుంచి 30 ఏళ్ల వయసున్న 5,115 మందిని అందులో చేర్చుకున్నారు. జబ్బు వచ్చేదాకా ఆగకుండా పడుచు వయసులోనే కొలవడం మొదలుపెట్టి, కొన్నేళ్లకోసారి పిలిచి మళ్లీ కొలుస్తూ వచ్చారు. పాతికేళ్ల బీపీ కొలతలను వరసగా పేర్చి చూస్తే వాళ్లు ఐదు దారుల్లో నడిచినట్టు తేలిందని 2014లో ప్రకటించారు. కొందరిది చివరిదాకా తక్కువే. కొందరిది మధ్యస్థంగా మొదలై అక్కడే నిలిచింది. కొందరిది మధ్యస్థంగానే మొదలై ఏటికేడు ఎక్కింది. మిగిలిన రెండు గుంపులవారిది మొదటి నుంచీ ఎక్కువే. ఒకరిది అక్కడే ఆగింది, మరొకరిది ఇంకా పైకి పోయింది. బీపీ ఎక్కుతూ పోయిన, ఎక్కువగానే ఉన్న దారుల్లో నడిచినవారి గుండె ధమనుల్లో నడివయసుకల్లా కాల్షియం ఎక్కువగా పేరుకుంది. అది ధమనులు జబ్బుపడుతున్నాయనడానికి గుర్తు. పాతికేళ్ల వయసులో రెండో గుంపు మనిషినీ మూడో గుంపు మనిషినీ పక్కపక్కన నిలబెడితే తేడా కనబడదు. వరసగా రాసుకున్న కొలతల్లోనే అది బయటపడుతుంది.

మనకు తొందర ఇంకాస్త ఎక్కువ. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చిన వయసు సగటున 53 ఏళ్లు. మిగతా ప్రపంచంలో దాదాపు 59. కాబట్టి ఒక వంద పేజీల నోటుపుస్తకం కొనండి. ఫోనులో రాసుకున్నా తప్పులేదు గాని, ఫోను మారినప్పుడల్లా ఏదో ఒకటి పోతుంది.

1. మొదటి పేజీ: ఇంటి చరిత్ర

తండ్రికి గాని అన్నదమ్ములకు గాని 55 ఏళ్ల లోపు, తల్లికి గాని అక్కచెల్లెళ్లకు గాని 65 ఏళ్ల లోపు గుండెపోటు వచ్చిందా? ఎవరికి, ఏ వయసులో? రాయండి. తాతల తరానికి వెళ్తే ఇది అంత సులువు కాదు. మన ఇళ్లలో "నిద్రలోనే పోయారు", "పొలం నుంచి వచ్చి కుప్పకూలారు" అంటారు తప్ప జబ్బు పేరు చెప్పరు. ఏదైనా పెళ్లిలో పెద్దమ్మనో మేనత్తనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, ఆసుపత్రి కాగితాల్లో లేనివి ఆమె నోట వస్తాయి.

కొన్ని కుటుంబాల్లో కొలెస్టరాల్ పుట్టుకతోనే ఎక్కువ. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం బిడ్డకు చేరితే చిన్నతనంలోనే గుండె దెబ్బతింటుంది. మేనరికాలున్న ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. వేళ్ల కణుపుల మీద, మడమ వెనక పసుపు రంగు గడ్డలు ఎవరికైనా ఉన్నాయేమో గమనించి అదీ రాయండి.

2. బీపీ: తప్పుగా కొలిస్తే రాయడం దండగ

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకుండా, నర్సుతో మాట్లాడుతూ, చెయ్యి గాలిలో వేలాడదీసి చూపించుకున్న బీపీకి విలువ లేదు. పద్ధతి ఇది:

కొలవడానికి అరగంట ముందు కాఫీ, టీ, సిగరెట్టు, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించండి. కాలు మీద కాలు వేసుకుంటే అంకె పెరుగుతుంది. అయిదు నిమిషాలు మౌనంగా ఉండండి. టీవీలో వార్తల చర్చ నడుస్తుంటే కట్టేయడం మంచిది. చొక్కా చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ చుట్టి, మోచెయ్యి బల్ల మీద ఆనించి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకోండి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి.

మెషిన్ కొంటే మణికట్టుది కాకుండా దండచేతిది కొనండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది కాబట్టి పట్టీ కొలత అడిగి తీసుకోండి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఇక ముందూ వాడండి. ఆసుపత్రిలో మాత్రమే బీపీ పెరిగేవాళ్లు ఉంటారు. అలాంటి అనుమానం వస్తే ఇంట్లో వారం రోజులు పొద్దునా సాయంత్రమూ కొలిచి, మొదటి రోజుది వదిలేసి, మిగతావాటి సగటు వేయండి.

120/80 లోపు ఉంటే బాగున్నట్టు. మన దగ్గర సాధారణంగా 140/90 చేరితే రక్తపోటు జబ్బు అంటారు. అమెరికాలో 2017 నుంచి 130/80 దగ్గరే ఆ మాట అంటున్నారు. ఈ రెండు గీతల నడుమ ఉన్న పడుచువాళ్లనే "ఏం లేదులే" అని పంపేస్తుంటారు.

3. టేపు

చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. పదేళ్లుగా పాంటు సైజు మారలేదని మురిసిపోయేవారికి ఒక మాట: పొట్ట పెరిగేకొద్దీ పాంటు దాని కిందికి జారుతుంది, అందుకే సైజు మారదు. బరువు కూడా రాయండి. బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 25 దాకా పరవాలేదన్న లెక్క మనది కాదు, మనకు 23 దాటితే చాలు, అధిక బరువే.

4. రక్తపరీక్ష కాగితంలో ఏవి ఎత్తి రాయాలి?

మొదటి కొలెస్టరాల్ పరీక్ష 18 ఏళ్లకే చేయించుకోవాలని మన దేశపు హృద్రోగ నిపుణుల సంఘం 2024లో సూచించింది. తొందరపాటు అనిపిస్తుంది. కానీ కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరిశీలించి 1953లో వెలువరించిన ఫలితాల ప్రకారం, సగటున 22 ఏళ్ల ఆ కుర్రవాళ్లలో ముప్పాతిక మందికి పైగా ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. కార్డియాలో తేలిన మరో సంగతి ఇంకా పదునైనది. చెడు కొలెస్టరాల్ ఎంత ఉందన్నదాన్ని ఎన్నేళ్లు ఉందన్నదానితో కలిపి లెక్కవేస్తే, మొత్తం ఒకటే అయినా చిన్న వయసులో పోగైనదే ఎక్కువ చెరుపు చేస్తుంది. "నలభై వచ్చాక చూద్దాం" అనుకుంటే వడ్డీ అప్పటికే పెరిగిపోయి ఉంటుంది.

ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) రాయండి. వేరే ముప్పు లేని పడుచువారికి 100 లోపు మంచిది. 190 చేరితే వంశపారంపర్యం కావచ్చు, వెంటనే డాక్టరును కలవండి. మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) తీసేయండి. మొత్తం 210, హెచ్‌డీఎల్ 38 అయితే మిగిలేది 172. అది 130 లోపు ఉండాలి. ల్యాబు కాగితంలో ఈ అంకె లేకపోయినా మీరే వేసుకోవచ్చు. కొలెస్టరాల్‌కు పరగడుపున వెళ్లవలసిన పని సాధారణంగా లేదు. షుగర్‌కు ఉంది: పరగడుపున 100 లోపు మామూలు, 100 నుంచి 125 దాకా హెచ్చరిక, 126 నుంచి మధుమేహం. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉండాలి.

జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్ (ఎ) పరీక్ష చేయించండి. ఇది రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే ఒక రకం రేణువు. అది ఎక్కువగా వంశం నుంచే వస్తుంది, తిండితో పెద్దగా మారదు. డెసీలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా అంకెలను ఇంకా తక్కువలో ఉంచుకోవాలని అర్థం.

లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటున్నవారి కాగితాల్లో కొలెస్టరాల్ 5.2, షుగర్ 5.4 అన్నట్టు చిన్న అంకెలుంటాయి. కొలెస్టరాల్‌ను 38.7తోనూ, షుగర్‌ను 18తోనూ హెచ్చిస్తే మన లెక్కలోకి వస్తాయి. ట్రైగ్లిజరైడ్లకు (రక్తంలోని మరో రకం కొవ్వు) ఈ గుణకం పనికిరాదు.

5. ఆడవారికి ఇంకో పేజీ

గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా, షుగర్ వచ్చిందా, నెలలు నిండకుండా కాన్పు అయిందా? కాన్పు అయ్యాక అంతా సర్దుకుందని ఆ ఫైలు అటకెక్కిస్తారు. కానీ అవి తర్వాతి ఏళ్లలో గుండెకు వచ్చే ముప్పును ముందే చెప్పే గుర్తులు. ఇరవై ఏళ్ల తర్వాత గుండె డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

6. ఏడాదికి నాలుగు వాక్యాలు

పొగాకు, నిద్ర, నడక, తిండి: ఒక్కోదానికి ఒక్క వాక్యం, నిజాయితీగా. సిగరెట్టు, చుట్ట, గుట్కా, ఖైనీ విషయంలో "రోజుకు రెండే" అన్నది వాక్యం కాదు; సున్నా ఒక్కటే ఆరోగ్యకరమైన అంకె. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర లక్ష్యాలు. రాత్రి డ్యూటీలుంటే ఆ ఏడాదుల పక్కన గుర్తు పెట్టండి. ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు. పప్పు, కూర, చారు, మజ్జిగ అన్నింటిలోనూ ఉప్పు పడే మన భోజనంలో దాన్ని దాటడానికి ఆవకాయ బద్ద, రెండు అప్పడాలు చాలు. ఆవకాయ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. అది తిన్న పూట అప్పడం మానండి.

7. పుట్టినరోజు వారంలో గీత గీయండి

రాసి పెట్టుకున్నంత మాత్రాన పని కాదు, వెనక్కి తిప్పి, ఏటేటి అంకెలను ఒక గీతతో కలిపి చదవాలి. ఒక ఊహా ఉదాహరణ: 23 ఏళ్లకు 112/72, 28కి 118/76, 33కి 126/80, 38కి 134/86. నాలుగుసార్లూ ఎవరో ఒకరు "పరవాలేదు" అనే ఉంటారు. వరసగా చూస్తే పదిహేనేళ్లలో పై అంకె 22 ఎక్కింది. ఇప్పుడు పక్కనున్న వాక్యాలు చదవండి: 28 తర్వాత కూర్చుని చేసే ఉద్యోగం, 33 తర్వాత బిడ్డ, ఇంటి అప్పు, అయిదు గంటల నిద్ర. ఏది ఎప్పుడు మారిందో తెలిస్తే దేన్ని ముందు సరిచేయాలో తెలుస్తుంది. ఆ ఒక్కటి సరిచేసి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలవండి. గీత దిగకపోతే పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందు అవసరమని ఆయన అంటే వయసును అడ్డం పెట్టుకుని వాదించకండి.

8. పుస్తకం పక్కన పెట్టవలసిన వేళ

ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండటం, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం, ఆడుతూనో పరిగెత్తుతూనో స్పృహ తప్పడం: వీటికి గ్యాస్ మాత్ర వేసుకుని చూడకండి, నిన్నటి రిపోర్టు బాగుందని ఆగకండి. 108కి ఫోను చేయండి. బండి మీరే నడుపుకుంటూ వెళ్లకండి. వాడుతున్న మందుల పేర్లు, పడని మందుల పేర్లు అట్ట లోపలి వైపు రాసి ఉంచండి. ఆ పుస్తకం ఏ అరలో ఉందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.