కొత్త కారుపై రాళ్ల దెబ్బలు: టచప్ చేయడానికి ముందు జాగ్రత్తలు

కంకర టిప్పర్ల వెనుక ప్రయాణించిన కొత్త కారు బానెట్‌పై రంగు పెచ్చులు లేచిపోయి కనిపిస్తే, టచప్ (దెబ్బ తగిలిన చోట మాత్రమే పూసే రంగు) సీసా తెరవడానికి ముందు ఆ దెబ్బ ఎంత లోతుకు దిగిందో పగటి వెలుగులో పరిశీలించాలి. రంగు పొరలన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. పైనున్న పారదర్శకమైన క్లియర్ కోట్ మాత్రమే చిట్లితే తొందర లేదు గానీ, ఉక్కు రేకు బయటపడితే, ముఖ్యంగా సముద్రతీర పట్టణాల్లో, తుప్పు పట్టకముందే పని ముగించాలి. బంపర్ ప్లాస్టిక్ కనుక అక్కడ సమస్య అందానిదే.

రంగును కంటి అంచనాతో కొనకూడదు. తెలుపులోనే అనేక ఛాయలు ఉన్నందున, చాలా కార్లలో డోర్ పిల్లర్ (తలుపు పక్కనుండే నిలువు స్తంభం) మీదనో బానెట్ కిందనో ఉండే స్టిక్కర్‌లోని రంగు కోడ్‌ను చూసి తీసుకోవాలి. అది కనిపించకపోతే ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో అడగవచ్చు. తుప్పుకు వారంటీ ఉన్న కారైతే, సొంత మరమ్మతుపై ఉన్న షరతులను ముందే చదవాలి.

వ్యాక్స్, పాలిష్ జిడ్డు ఏమాత్రం మిగిలినా రంగు పట్టదు కాబట్టి, కడిగి ఆరబెట్టిన తరువాత జిడ్డును తొలగించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే ద్రవంతో దెబ్బ చుట్టూ తుడవాలి. ఎండకు కాలిన రేకుపైనా, వాన తేమలోనూ పూయరాదు. సీసాతో వచ్చే బ్రష్ చాలాసార్లు దెబ్బకంటే లావుగా ఉంటుంది. సన్నని చిత్రలేఖన కుంచె నయం. ఒకేసారి గుంట నింపేయాలన్న ఆత్రమే పనిని ఎక్కువగా చెడగొడుతుంది కనుక, పలుచని పొరలు వేస్తూ ఒక్కొక్కటీ ఆరేంత తీరిక ఉన్న రోజునే మొదలుపెట్టాలి. అలవాటు లేనివారు గరుకు కాగితం జోలికి పోకపోవడమే మంచిది.