సీమ్యాప్ టూల్స్ వేసుకునే ముందు

అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న ఐహెచ్ఎంసీ అనే పరిశోధనా సంస్థ తయారుచేసిన ఈ కాన్సెప్ట్ మ్యాప్ (భావనలను పెట్టెల్లో రాసి గీతలతో కలిపే పటం) సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే మీరు వేరే సైట్‌లో ఉన్నట్టే, వెనక్కి వచ్చేయండి.

• పాత వెర్షన్ ఉంటే ముందు డాక్యుమెంట్స్‌లోని 'మై సీమ్యాప్స్' ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. నేను ఒకసారి బద్ధకించి, మూడు నెలల పాఠాల మ్యాపులు పోగొట్టుకున్నాను. ముఖ్యమైనవి పీడీఎఫ్‌గా కూడా దాచుకుంటే, సాఫ్ట్‌వేర్ లేని చోటా తెరుచుకుంటాయి.

• విండోస్: అడ్మిన్ పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. స్కూల్ ల్యాబ్ అయితే అది తెలిసినాయన ఆ రోజు సెలవులో లేడని ముందే కనుక్కోండి.

• మ్యాక్: తెరవనంటూ హెచ్చరిక వస్తే టెన్షన్ పడకండి. ఫైల్ అసలు సైట్‌దేనని ఖాయం చేసుకున్నాకే సెట్టింగ్స్‌లోని 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'కి వెళ్లి అనుమతివ్వండి. 2019లో వచ్చిన మ్యాక్ వెర్షన్ కాటలీనా నుంచి పాత తరహా 32 బిట్ ప్రోగ్రాములు నడవవు. ఎప్పుడో దాచిన పాత ఇన్‌స్టాలర్ వద్దు, కొత్తది దించుకోండి.

• లినక్స్: డబుల్ క్లిక్ చేసినా కదలకపోతే ఫైల్ పాడైందనుకోకండి. ప్రాపర్టీస్‌లో, ప్రోగ్రామ్‌గా నడిపేందుకు అనుమతి ఇచ్చే టిక్ పెట్టాలి.

• వేశాక మొదటి పెట్టెలో 'కిరణజన్య సంయోగక్రియ' అని టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోతే ఫాంట్ మార్చండి.