యూకేలో మొదటి జీతంలోనే ట్యాక్స్ ఎక్కువ కట్ అయిందా? వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి వచ్చి, అక్టోబర్‌లో పార్ట్‌టైమ్ దొరికించుకుని, మొదటి పేస్లిప్ చూసుకోగానే మన పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, ఇంత కోసేశారేంటి?"

నాకూ అదే జరిగింది. గోడౌన్‌లో చేరిన రోజు ఇచ్చిన ఫారంలో మూడు గళ్లున్నాయి. పక్కనున్న అబ్బాయి దేనికి టిక్ పెడితే నేనూ దానికే పెట్టాను. అతనికది రెండో ఉద్యోగం, నాకు మొదటిది. ఆ ఒక్క టిక్‌తో వారం వారం జీతంలో ఐదో వంతు పోయింది. తర్వాత మొత్తం తిరిగొచ్చింది కానీ, ఆ చలికాలమంతా టెన్షన్‌తోనే గడిచింది.

ముందు ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. ఇక్కడ పన్నులు వసూలు చేసేది హెచ్‌ఎంఆర్‌సీ, అంటే హిజ్ మెజెస్టీస్ రెవెన్యూ అండ్ కస్టమ్స్. ఇన్‌లాండ్ రెవెన్యూ, కస్టమ్స్ అండ్ ఎక్సైజ్ అని విడివిడిగా ఉన్న రెండు శాఖలను 2005లో కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. మన దేశంలో ఆదాయపు పన్ను చూసే సీబీడీటీని, కస్టమ్స్, జీఎస్టీ చూసే సీబీఐసీని ఒకే ఆఫీసు చేసినట్టు అనుకోండి. ఉద్యోగుల పన్నుకు 1944 నుంచి పే యాజ్ యు ఎర్న్ అనే పద్ధతి ఉంది. జీతం ఇచ్చే యజమానే పన్ను కోసి కడతాడు. కానీ ఎంత కోయాలో చెప్పేది 'ట్యాక్స్ కోడ్'. ఆ కోడ్ మీ గురించి వాళ్లు వేసుకున్న ఒక అంచనా మాత్రమే. మీ వివరాలు సరిగ్గా అందకపోతే అంచనా తప్పుతుంది, అదీ ఎక్కువగా మన జేబుకు చిల్లు పడేవైపే.

ఇక పనిలోకి దిగుదాం. కింది లెక్కలు 2025–26 ట్యాక్స్ ఇయర్‌వి, అంటే ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు.

1. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ తీసుకోండి

మీ పన్ను లెక్క మీ పేరునే నమోదయ్యేందుకు వాడే నంబర్ ఇది. రెండు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఇంకో అక్షరం ఉంటాయి. ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో ఉచితంగా అప్లై చేయొచ్చు. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. పని చేసే హక్కు ఉందని చూపించగలిగితే నంబర్ రాకముందే ఉద్యోగంలో చేరొచ్చు. వచ్చాక మాత్రం వెంటనే యజమానికి ఇవ్వండి.

2. స్టార్టర్ చెక్‌లిస్ట్‌లో సరైన గడికి టిక్ పెట్టండి

గొడవంతా మొదలయ్యేది ఇక్కడే. చేరిన రోజు హడావిడిలో సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఇదొకటి. అందులో మూడు వాక్యాలుంటాయి. ఏప్రిల్ 6 తర్వాత ఇదే మీ మొదటి ఉద్యోగమైతే ఏ. అంతకుముందు వేరే ఉద్యోగం చేసి మానేసి, ఇప్పుడు ఇదొక్కటే ఉంటే బీ. ఇది కాక మరో ఉద్యోగం కూడా నడుస్తుంటే సీ.

'ఏ' గడికి టిక్ పెడితే 1257ఎల్ అనే కోడ్ వస్తుంది. అంటే ఏడాదికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేదు. సీ పెడితే బీఆర్ కోడ్ వస్తుంది. అప్పుడు మొదటి పౌండు నుంచే 20 శాతం పోతుంది. అసలు ఫారమే ఇవ్వకపోతే 0టీ అనే కోడ్ వేస్తారు, దాంట్లోనూ మినహాయింపు ఉండదు.

తేడా ఎంతో చూడండి. గంటకు 12.21 పౌండ్లు, వారానికి 20 గంటలు అనుకుంటే 244 పౌండ్లు. అక్టోబర్‌లో చేరి ఏప్రిల్ 5 లోపు 24 వారాలు చేస్తే మొత్తం 5,860 పౌండ్లు. ఏడాదిలో సగమే పని చేసినా 12,570 మినహాయింపు పూర్తిగా మీదే కాబట్టి, కట్టాల్సిన ఇన్‌కం ట్యాక్స్ సున్నా. అదే బీఆర్ కోడ్‌లో ఉంటే 1,170 పౌండ్ల పైనే కోసేస్తారు. చాలా ఊళ్లలో అది రెండు నెలల రూమ్ రెంట్!

3. పేస్లిప్‌లో కోడ్ చూడండి

చేతికొచ్చిన మొత్తం కాదు, ముందు కోడ్ చూడండి. 1257ఎల్ అని మాత్రమే ఉంటే నిశ్చింతగా ఉండండి. దాని పక్కన డబ్ల్యూ1, ఎం1 లేదా ఎక్స్ ఉంటే అది ఎమర్జెన్సీ కోడ్. అందులో ఏ వారం లెక్క ఆ వారానిదే. ఏప్రిల్ నుంచి వాడుకోకుండా పోగైన మినహాయింపును లెక్కలోకి తీసుకోరు. క్రిస్మస్ సెలవుల్లో 40 గంటలు చేసి 488 పౌండ్లు సంపాదిస్తే, ఆ వారానికి వర్తించే 242 పోను మిగిలినదాని మీద దాదాపు 49 పౌండ్లు కోస్తారు. మామూలు కోడ్‌లో ఉంటే ఆ 49 పోయేవే కావు.

ఇన్‌కం ట్యాక్స్ పక్కనే ఎన్‌ఐ అని ఇంకో కోత కనిపిస్తుంది. నేషనల్ ఇన్సూరెన్స్ అది, పింఛను లాంటి ప్రభుత్వ సాయాల కోసం జీతంలోంచి కోసే చందా. వారానికి 242 పౌండ్లు దాటినదాని మీద 8 శాతం. దీని లెక్క ఎప్పుడూ వారానిది వారానికే కాబట్టి, సరిగ్గా కోసినది మళ్లీ తిరిగి రాదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

4. కోడ్ తప్పుంటే ఇప్పుడే సరిచేయించుకోండి

గవ్ డాట్ యూకేలో పర్సనల్ ట్యాక్స్ అకౌంట్ తెరవండి, లేదా హెచ్‌ఎంఆర్‌సీ యాప్ వేసుకోండి. మీ ఉద్యోగాలు, కోడ్ అన్నీ అందులో కనిపిస్తాయి. మానేసిన ఉద్యోగం ఇంకా నడుస్తున్నట్టు ఉంటే అక్కడే చెప్పండి. ఆన్‌లైన్‌లో కుదరకపోతే 0300 200 3300కి ఫోన్ చేయండి. చాలాసేపు వెయిట్ చేయిస్తారు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వంట చేసుకుంటూ చేయడం మేలు. ఎన్‌ఐ నంబర్, పేస్లిప్ దగ్గర పెట్టుకోండి.

మేనేజర్‌తో పోట్లాడి లాభం లేదు. హెచ్‌ఎంఆర్‌సీ కొత్త కోడ్ పంపనిదే కంపెనీ మార్చలేదు. పంపాక మాత్రం, అదే ట్యాక్స్ ఇయర్‌లో ఉన్నంతవరకు, ఎక్కువ కోసిన డబ్బు తర్వాతి జీతంలోనే కలిసి వస్తుంది.

5. ఉద్యోగం మారితే పీ45 అడిగి తీసుకోండి

మానేసేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన కాగితం పీ45. దాన్ని కొత్త యజమానికి ఇస్తే లెక్క పాతచోట ఆగినదగ్గర నుంచే కొనసాగుతుంది.

6. ఏప్రిల్ 5 దాటిపోతే

ఇక్కడి ట్యాక్స్ ఇయర్ ఏప్రిల్ 6న మొదలవుతుంది, మన ఉగాదికి కాస్త అటూఇటూగా. ఒకప్పుడు ఇంగ్లండ్ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. 1752లో క్యాలెండర్‌ మార్పు కోసం 11 రోజులు ఎగరగొట్టినప్పుడు లెక్క ముందుకు జరిగింది. ఆ జరగడం ఇప్పటికీ అలాగే ఉంది.

మే 31 లోపు యజమాని పీ60 ఇస్తాడు. ఏడాది మొత్తం జీతం, కట్ అయిన పన్ను అందులో ఉంటాయి. ఎక్కువ కట్టి ఉంటే జూన్ నుంచి పీ800 అనే లెక్క ఉత్తరం వస్తుంది. అందులో చెప్పినట్టు ఆన్‌లైన్‌లో క్లెయిమ్ చేస్తే డబ్బు బ్యాంకులో పడుతుంది. ఇల్లు మారితే హెచ్‌ఎంఆర్‌సీకి కొత్త అడ్రస్ చెప్పడం మరవద్దు, పాతింటి లెటర్‌బాక్స్‌లో ఎన్ని ఉత్తరాలు మగ్గుతున్నాయో! పాత ఏడాదివైనా నాలుగేళ్ల వరకు అడగొచ్చు. కోర్సు అయిపోయి ఇండియా వెళ్లిపోతుంటే పీ85 ఫారం నింపండి.

రిఫండ్ ఇప్పిస్తామంటూ కమీషన్ తీసుకునే కంపెనీలు బోలెడు. పైన చెప్పిందంతా ఉచితంగా అయ్యే పనే. "మీకు రిఫండ్ ఉంది, ఈ లింక్ నొక్కి కార్డు వివరాలివ్వండి" అని మెసేజ్ వస్తే అది మోసం. నొక్కకుండా 60599కి ఫార్వర్డ్ చేసి, డిలీట్ చేసేయండి.

ఇంకో మాట. స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం, ఫ్రీలాన్స్ చేయకూడదు. వేరేవాళ్ల అకౌంట్ అద్దెకు తీసుకుని ఫుడ్ డెలివరీ చేస్తే పోయేది పన్ను కాదు, వీసా.

7. ఇంటినుంచి పార్సిల్ వస్తుంటే

ఈ ఆఫీసే కస్టమ్స్ కూడా చూస్తుంది కాబట్టి అమ్మ పంపే డబ్బా కూడా దీని లెక్కలోకే వస్తుంది. సరిహద్దులో, పోస్టు కేంద్రాల్లో తనిఖీ చేసేది బోర్డర్ ఫోర్స్, సుంకం హెచ్‌ఎంఆర్‌సీది. ఒక వ్యక్తి మరో వ్యక్తికి పంపే గిఫ్టు విలువ 39 పౌండ్లు దాటకపోతే మామూలుగా వ్యాట్ ఉండదు. 135 పౌండ్లు దాటితే కస్టమ్స్ డ్యూటీ లెక్క కూడా మొదలవుతుంది. కట్టాల్సింది ఉంటే కొరియర్‌వాళ్లు దానికి తమ ఫీజు కూడా కలిపి అడుగుతారు. డిక్లరేషన్‌లో 'పర్సనల్ ఐటమ్స్' అని కాకుండా ఏముందో, ఎంత విలువో విడివిడిగా రాయించండి.

ఆవకాయ, కందిపొడి, జంతికలు పంపితే పర్వాలేదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దని చెప్పండి. యూరప్ బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు రానివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. నెయ్యి ఇక్కడ ఇండియన్ షాపుల్లో దొరుకుతుందని కూడా చెప్పండి, లేకపోతే అమ్మ వినదు.