సర్వర్ పోయిందని ఫోన్ చేసే ముందు

వాన కొలిచే పెట్టెలు, నీటిమట్టం చూసే సెన్సర్లు బాగుచేయడం నా పని. హిరమండలం నుంచి కళింగపట్నం దాకా వంశధార వెంబడి తిరుగుతుంటాను. పెట్టెలో ఒక లాగర్, అంటే కొలతలు రాసుకునే చిన్న మిషన్, దానికో సిమ్, ఒక బ్యాటరీ, పైన సోలార్ పలక ఉంటాయి. లాగర్ పావుగంటకోసారి రీడింగ్ తీసి ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపాలి. ఆగిపోతే నాకు ఫోన్ వస్తుంది, అదీ పైన ఒడిశా కొండల్లో వాన దంచి, ఇక్కడ అందరూ నది వైపు చూస్తున్న రాత్రి. "అన్నా, సర్వర్ పోనాది, రీడింగులు రావట్నేదు." వెళ్లి చూస్తే చాలాసార్లు సర్వర్ నిక్షేపంగా ఉంటుంది, దారిలోనే ఎక్కడో తెగి ఉంటుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్ల కోసం, ఆ తెగిన చోటు నేనెలా వెతుకుతానో చెప్తాను.

ముందు రీస్టార్ట్ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి. కొన్ని లాగర్లు పంపాల్సిన రీడింగుల్ని మెమరీ కార్డులో రాయకుండా ర్యామ్‌లోనే పెట్టుకుంటాయి, పవర్ తీస్తే అవన్నీ గాలికి పోతాయి. పైగా స్క్రీన్ మీద ఉన్న ఎర్రర్ కూడా పోతుంది, మనకున్న సాక్ష్యం అదొక్కటే. ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

ఇప్పుడు ఆ ఎర్రర్ చదవండి. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని ఉంటే నాకు సగం ఊరట, ఎందుకంటే మన మాట అవతలి మిషన్ దాకా వెళ్లింది, అక్కడి నుంచి జవాబు కూడా వచ్చింది, కాకపోతే మనం తట్టిన పోర్టులో, అంటే ఆ మిషన్‌కున్న నంబరు తలుపుల్లో ఒకదాని దగ్గర, వినేవాళ్లు లేరు. అంటే అక్కడి ప్రోగ్రామ్ ఆగిపోయింది, లేదా మనం పోర్ట్ నంబర్ తప్పు కొట్టాం, లేదా ఎవర్ని రానివ్వాలో చూసే కాపలా ప్రోగ్రామ్, అంటే ఫైర్‌వాల్, మొహం మీదే తలుపేసింది. 'టైమ్డ్ అవుట్' అయితే అసలు జవాబే లేదు. సిగ్నల్ పోయిందో, దారిలో ఏదైనా ఫైర్‌వాల్ చప్పుడు చేయకుండా మింగేస్తోందో, అవతలి మిషనే ఆగిపోయిందో వెతకాలి. 401, 403, 500 లాంటి అంకెలు కనబడితే అవి సర్వర్ పంపిన జవాబులు, లైను బాగున్నట్టే, ఇక నెట్‌వర్క్ జోలికి వెళ్లొద్దు. 401, 403 అయితే పాస్‌వర్డో, కీనో, అనుమతులో చూడాలి. 500 అయితే తప్పు సర్వర్ లోపల ఉంది, నాకు ఎక్కువగా తగిలింది అక్కడ డిస్క్ నిండిపోవడం.

టైమ్డ్ అవుట్ అయినప్పుడు దగ్గర నుంచి దూరానికి వెళ్లండి. 8.8.8.8కి, అంటే గూగుల్ వాళ్ల సర్వర్‌కి, పింగ్ కొట్టండి, అంటే 'ఉన్నావా' అని ఒక చిన్న పలకరింపు పంపండి. అది పలికి, సర్వర్ పేరు మాత్రం దొరకట్లేదని వస్తే డీఎన్‌ఎస్ తేడా, అంటే పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే ఏర్పాటు పనిచేయట్లేదు. అదీ పలకకపోతే ఇంటర్నెట్టే లేదు, సిమ్ చూడండి. రీచార్జ్ గడువు అయిపోయిందేమో ముందు అదే చూడాలి, సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేను ఆమదాలవలస నుంచి బండేసుకుని నలభై కిలోమీటర్లు వెళ్లి చివరికి రీచార్జ్ చేసి వచ్చిన రోజులున్నాయి. తర్వాత ఏపీఎన్ సెట్టింగ్, అంటే సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్లే దారి పేరు, సిమ్ కంపెనీ మార్చినప్పుడు దాన్ని మార్చడం అందరూ మరిచిపోతారు. సిమ్‌తో నెట్‌కి కలిపే మోడెమ్‌ని సిగ్నల్ అడిగితే 0 నుంచి 31 మధ్య ఒక అంకె చెప్తుంది. పదికి దిగువన ఉంటే కష్టమే, 99 వస్తే దానికే తెలియలేదని అర్థం. సముద్రం దగ్గరి పెట్టెల్లో యాంటెన్నా తీగ బిగించే చోట పచ్చగా చిలుము పడుతుంది. బయటికి బిగుతుగానే కనబడుతుంది, విప్పి చూస్తే గానీ తెలీదు. ఒకసారి ఆ మూలలోనే బల్లి గుడ్లు పెట్టింది.

సర్వర్‌కి పింగ్ పలకలేదని మాత్రం కంగారు పడొద్దు, చాలామంది దాన్ని కావాలనే ఆపేస్తారు. పంపాల్సిన పోర్ట్, అంటే సాధారణంగా 443 లేదా 22, తెరుచుకుంటోందా లేదా అన్నదే చూడండి. మీ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్‌తో కూడా అదే అడ్రస్ ప్రయత్నించండి, అక్కడ తెరుచుకుంటే తప్పు మన వైపే. ఒక్కోసారి అది నిషేధం కావచ్చు: తప్పుడు పాస్‌వర్డ్‌తో ఒక పెట్టె రాత్రంతా తలుపు బాదుతుంటే సర్వర్ ఆ ఐపీని, అంటే నెట్‌లో ఆ పెట్టె కనబడే అంకెల అడ్రస్‌ని, నిషేధిస్తుంది, మొబైల్ సిమ్‌లకి ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతారు కాబట్టి పక్క ఊళ్లో ఏ పాపం ఎరగని పెట్టె కూడా దాంతోపాటే ఆగిపోతుంది. ఆ పంపకం వల్లే బయటి నుంచి పెట్టెలోకి నేరుగా వెళ్లడమూ కుదరదు. పెట్టె తానే లోపలి నుంచి సర్వర్‌కి వీపీఎన్ అనే సొరంగం లాంటి సొంత దారి వేసుకుని, పాతిక సెకన్లకోసారి ఒక చిన్న పలకరింపు పంపుతూ దాన్ని తెరిచి ఉంచాలి.

నన్ను బాగా ఏడిపించింది గడియారం. నిరుడు ఒక పెట్టె సిగ్నల్ 22, పింగ్ ఓకే, పోర్ట్ ఓకే, అయినా ఒక్క రీడింగ్ వెళ్లట్లేదు, సర్టిఫికెట్, అంటే సర్వర్ చూపించే గడువున్న గుర్తింపు పత్రం, చెల్లదంటుంది. సర్వర్ చూసే ఆయన్ని రెండుసార్లు నిద్రలేపాను, ఆయన సర్టిఫికెట్‌కి ఇంకా రెండు నెలల గడువుంది. మధ్యాహ్నం మర్రిచెట్టు కింద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతూ ఊరికే స్క్రీన్ వైపు చూశాను, తేదీ 1 జనవరి 2000 అని ఉంది! లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ చచ్చిపోయింది, దాంతో పవర్ పోయి వచ్చినప్పుడల్లా పెట్టె పాతికేళ్లు వెనక్కి వెళ్తోంది, ఆ లెక్కలో మన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. 2032 నంబరు బ్యాటరీ బిళ్ల మార్చి టైం సరిచేస్తే నిమిషంలో మొదలైంది. అప్పటి నుంచి నేను పెట్టె తెరిచి మొదట చూసేది తేదీనే.

ఇవన్నీ అయ్యాక కూడా దొరక్కపోతే అప్పుడు సర్వర్ వాళ్లకి ఫోన్ చేయండి. "పనిచేయట్లేదు సార్" అంటే ఆయనకేం తెలుస్తుంది? ఏ పెట్టె, చివరి రీడింగ్ ఎన్ని గంటలకి వెళ్లింది, ఎర్రర్ అక్షరం పొల్లుపోకుండా ఏమని ఉంది, వేరే సిమ్‌తో తెరుచుకుందా, ఇవి చెప్తే ఆయన సర్వర్ రాసుకున్న లాగ్‌లో సరిగ్గా ఆ నిమిషానికే వెళ్లి చూస్తాడు.

లైను కలిసింది కదా అని పెట్టె మూసేసి రాకండి. తొమ్మిది గంటలు ఆగి ఉంటే పావుగంటకొకటి చొప్పున 36 రీడింగులు పెట్టెలో నిలిచి ఉంటాయి. ముప్పైఆరూ సర్వర్‌కి చేరాయా, వాటి మీద ఉన్నది కొలిచిన టైమా, లేక ఇప్పుడు పంపిన టైమా, ఏదైనా రెండుసార్లు పడిందా చూడండి. లెక్క సరిపోయాకే మెమరీ కార్డులోవి చెరపండి.