కుందేలు గడ్డి దగ్గరకు వచ్చి వెనక్కి తిరుగుతోందా?

“అన్నం పెట్టినా ముట్టడం లేదు బాబూ, అలిగినట్టుంది” అంటూ ఎదురింటి మామ్మగారు కుందేలును పమిట చెంగులో చుట్టుకుని తెచ్చారు. పర్లాకిమిడిలో మా వీధిలో కుందేలుకు ఏ జబ్బు చేసినా ముందు మా గుమ్మమే తొక్కుతారు, పదేళ్లుగా పెంచుతున్నాను గనుక. కుందేలు అలగదు. ఆకలిగా గిన్నె దగ్గరకు వచ్చి, నోట పెట్టుకుని, జారవిడిచి పక్కకు తిరిగిందంటే నోటిలో నొప్పి ఉన్నట్టే. ఆ నొప్పికి మొదలు ఆవిడ ప్రేమగా పెట్టిన అన్నమే.

కుందేలుకు 28 పళ్లు, గినీపిగ్గుకు 20. అన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. కుందేలు ముందు పళ్లయితే వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు. పెరిగినదంతా అరిగిపోవాలి, అరగదీసేది గడ్డి. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కలకు కదులుతూ తిరగలిలా ఆడుతుంది. అన్నం, బిస్కెట్లు, మరమరాలు రెండు నొక్కులకే నలిగిపోతాయి, పళ్లకు పని ఉండదు. హ్యామ్‌స్టర్, తెల్లెలుకల సంగతి వేరు: 16 పళ్లలో ఆగకుండా పెరిగేవి ముందు నాలుగే.

మెత్తనివి తింటుంది, గడ్డి వదిలేస్తుంది

ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువగా పోల్చుకోలేనిదీ ఇదే. ముందు పళ్లు చూస్తే చక్కగా ఉంటాయి. తేడా అంతా వెనక, దవడ పళ్లలో. సరిగా అరగని పన్ను అంచున ముల్లులాంటి మొన తేలుతుంది. కింది పళ్ల మొనలు నాలుకను, పై పళ్ల మొనలు బుగ్గను కోస్తాయి. గినీపిగ్గులో కింది పళ్లు రెండు వైపుల నుంచీ లోపలికి వంగి, నాలుక మీద వంతెన కట్టినట్టు పెరుగుతాయి. అప్పుడది మింగలేదు.

నోరు తెరిచి చూద్దామని ఇంట్లో తంటాలు పడకండి, అంత చిన్న నోటిలో వేలు పెట్టినా ఏమీ కనిపించదు. డాక్టరు గొట్టంలాంటి దీపంతో చూస్తారు. మొనలుంటే మత్తు ఇచ్చి, చిన్న మరతో అరగదీసి, నొప్పికి మందు ఇస్తారు. పశువుల ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేవి ఆవులు, మేకలు. కుందేలు పళ్లకు కావలసిన పరికరాలు అన్నిచోట్లా ఉండవు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్లకు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల భువనేశ్వర్ కంటే దగ్గర. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోను చేసి, కుందేలు దవడ పళ్లు చూస్తారా అని అడిగి రైలెక్కండి. ముందు రాత్రి పస్తు ఉంచమని ఎవరైనా అంటే, కుక్కల సంగతి చెబుతున్నారేమో అడగండి. కుందేలు, గినీపిగ్గు వాంతి చేసుకోలేవు, వాటిని అలా పస్తు ఉంచకూడదు.

గడ్డం తడి, మెడ కింద జుట్టు అట్టకట్టడం

చొంగ కారుతోందన్న మాట. చాలావరకు పైన చెప్పిన మొనలే కారణం. చర్మం ఒరిసిపోకుండా తుడిచి ఆరనివ్వండి. గినీపిగ్గయితే ఇంకొకటి చూడాలి: దాని ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, మేతలోనే రావాలి. అది తక్కువైతే పళ్లు కదిలిపోతాయి. రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. చిన్న ఉసిరి ముక్క, కాప్సికం ముక్క చాలు. నీళ్లలో కలిపే చుక్కల మందు మీద నాకు నమ్మకం లేదు, నీళ్లలో దాని బలం త్వరగా తగ్గిపోతుంది.

ముందు పళ్లు వంకర తిరిగి బయటకు రావడం

రెండు మూడు నెలల పిల్లకే ఇలా ఉంటే పుట్టుకతో వచ్చినదే, పొట్టి మూతి జాతుల్లో ఎక్కువ. అటువంటి దానికి జత కట్టించకండి. పెద్దయ్యాక వస్తే తప్పు సాధారణంగా వెనక పళ్లది, పెరిగిన దవడ పళ్లు నోరు మూసుకోనివ్వవు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మా మొదటి కుందేలును ఒక దుకాణానికి తీసుకువెళితే గోళ్ల కత్తెరతో టక్కున తుంచారు. నేను పట్టుకుని నిలబడ్డాను. పన్ను నిలువునా చీలింది, రెండు నెలలకు దవడ కింద గడ్డ లేచింది. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరు. కొమ్మును ఆకురాయితో అరగదీస్తారు గాని కత్తెరతో తుంచరని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. నాకే ఆ రోజు తట్టలేదు. డాక్టరు చేత 4 నుంచి 6 వారాలకొకసారి మరతో అరగదీయించాలి. అది పడనివారు ముందు పళ్లు తీయించేయవచ్చు. గడ్డి, ఆకుకూర కత్తిరించి పెడితే కుందేలు హాయిగా బతుకుతుంది.

ఒక కన్ను నీరు కారడం, దవడ కింద గడ్డ

పై పళ్ల వేరు లోపలికి పెరిగి కన్నీటి గొట్టాన్ని నొక్కితే కన్ను కారుతుంది. కంటి చుక్కలతో తాత్కాలికంగా తగ్గి, మళ్లీ వస్తే ఎక్స్‌రే అడగండి. గడ్డ విషయంలో గుచ్చి పిండే ప్రయత్నం వద్దు. కుందేలు చీము వెన్నలా గట్టిగా ఉంటుంది, కారదు. శస్త్రచికిత్సతో తీయాల్సిందే. హ్యామ్‌స్టర్ బుగ్గ ఉబ్బితే మాత్రం కాసేపు ఆగి చూడండి, గింజలు దాచుకుని ఉంటుంది. దాని పసుపు పళ్లూ జబ్బు కాదు.

ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇవ్వకండి. కుందేలు, గినీపిగ్గు, హ్యామ్‌స్టర్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదకు వస్తుంది.

12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు చిన్నవై ఆగిపోయినా ఆ పూటే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. దారిలో, కడుపు ఉబ్బి గట్టిగా లేకపోతే, నానబెట్టిన గుళికల దాణాను జావగా చేసి, సూది తీసిన సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టండి.

గడ్డి ఎక్కడ దొరుకుతుంది?

మహేంద్రతనయ గట్టున గరికకు కరువు లేదు. మందు కొట్టిన పొలం గట్లు, రోడ్డు పక్కలు వదిలేసి కోయండి. రోజూ కుందేలంత కుప్ప పెట్టండి, గుళికలు కిలో బరువుకు 25 గ్రాములు దాటకూడదు. వానల్లో కోసి కుప్ప వేస్తే వేడెక్కి పాడవుతుంది, పలుచగా ఆరబెట్టండి. వరిగడ్డి నమలడానికి పనికివస్తుంది గాని సత్తువ తక్కువ, అదొక్కటే పెట్టకండి. అన్నం అలవాటైన దాన్ని రెండు వారాల్లో మెల్లగా గడ్డికి మార్చండి. పొద్దుటి ఎండ కాస్త తగలనివ్వండి, లేకపోతే దవడ ఎముక బలహీనమవుతుంది. వారానికొకసారి వంటింటి తూకం మీద బరువు చూసి రాసుకోండి, నోరు చెప్పేలోపే తూకం చెబుతుంది.

మామ్మగారి కుందేలు నాలుక పక్కన రెండు మొనలు దొరికాయి. అరగదీసిన మూడో రోజు గరిక నమిలింది. నిన్న పలకరించడానికి వెళ్లాను. గిన్నె అడుగున నాలుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఆవిడ నా వైపు చూడలేదు.